సూది పన్నెండు మీదే ఉంది

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఇది: నేను పనిలో ఉన్న టైములో, మా పాపని చూసుకునే మా వదిన ఎవరూ చూడకుండా కింద పడిపోవడం. పక్కనే పాప ఏమీ తెలియక ఆడుకుంటూ ఉండటం.

ఈ భయం నాకు ముందు నుంచీ ఉందంటే అబద్ధమవుతుంది. అంతకుముందు నా భయాలన్నీ పాప చుట్టూనే తిరిగేవి. బటను మింగేస్తుందేమో, మెట్ల మీంచి దొర్లుతుందేమో, వేడినీళ్ళ గిన్నె మీదకి లాక్కుంటుందేమో. భయపడటంలో నన్ను మించినవాళ్ళు లేరని మా ఆయన ఊరికే అనడు. అంత భయపడేదాన్ని, వదిన గురించి మాత్రం ఒక్కనాడు కూడా భయపడలేదు. ఆవిడకేమవుతుందిలే అనుకున్నాను. అసలు అలా అనుకున్నానన్న సంగతి కూడా నాకు తెలీదు.

మా వదిన అంటే మా ఆయనకి సొంత అక్క. మా అత్తగారు పోయాక మా ఆయన్ని సాకింది ఆవిడే. పెళ్ళి మాటెత్తితే ముందు "వీడి చదువు కానీ" అంది, తర్వాత "వీడి ఉద్యోగం కానీ" అంది, ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు మాతోనే, ముందు గదిలో, కుట్టుమిషనుతో పాటు ఉంటుంది. కర్టెన్లు, దిండు గలీబులు కుడుతుంది. ఒక కాలు మిషను తొక్కుతుంటే ఇంకో కాలి మీద మా పాప ఉయ్యాలూగుతూ ఉంటుంది. ఏమడిగినా ఆవిడ నోట ఒక్కటే మాట.

"వదినా, ఇవాళ పాపకి కాస్త స్నానం చేయిస్తారా?"

"అదెంతలే."

"వదినా, సాయంత్రం నాకు ఆలస్యమయ్యేలా ఉంది."

"అదెంతలే, వెళ్ళు."

గొంతు పెరగదు, తరగదు. పొద్దున ఎలా అంటుందో సాయంత్రమూ అలాగే అంటుంది.

నేను పని చేసేది అడాప్టర్లు తయారుచేసే చోట. మీ ఇంట్లో వైఫై డబ్బాకో, టీవీ పక్కనో, గోడకి గుచ్చే నల్లటి డబ్బా ఉంటుందే, అదే. నా చదువు స్కూల్లోనే ఆగిపోయింది. కరెంటు పాఠం ఇంకా మొదలవలేదు, నాన్నకి బాగోలేక నేను ఇంట్లో ఉండిపోయాను. కాబట్టి ఇక్కడ కరెంటు గురించి చెప్పేదంతా పుస్తకంలో చదివింది కాదు, మా సూపర్‌వైజరు నోటి వెంట విన్నది. ఆయన్ని మేమంతా పన్నెండు సారు అంటాం. మా అడాప్టర్లు పన్నెండు వోల్టులవి. ఆయన పొద్దస్తమానం "పన్నెండంటే పన్నెండే" అని తిరుగుతుంటాడు, అందుకని ఆ పేరు. ఆయనకీ తెలుసు, ఏమీ అనడు.

నాది పరీక్ష బల్ల. అడాప్టరుని గుచ్చి, దానికి బల్బులు ఒక్కొక్కటే తగిలిస్తూ పోవాలి. బల్బు పెరిగే కొద్దీ డబ్బాలోంచి లాగే కరెంటు పెరుగుతుంది. వోల్టేజి చూపించే మీటరు సూది మాత్రం పన్నెండు మీంచి కదలకూడదు. కదిలితే ఆ డబ్బా పక్కకి. మా ఎదురు బల్ల వాళ్ళవి పెద్ద లైట్లకి పెట్టే డబ్బాలు. వాటి తంతు పూర్తిగా తిరగేసి ఉంటుంది.

చేరిన కొత్తలో ఈ తేడా నా బుర్రకెక్కలేదు. పన్నెండు సారు టీ గ్లాసు పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు.

"చూడమ్మా, మన డబ్బా మొండితనం వోల్టేజి దగ్గర. ఎంత కరెంటు కావాలో అడిగేవాడి ఇష్టం, కానీ నా పన్నెండు మారదు అంటుంది. వాళ్ళ డబ్బా మొండితనం కరెంటు దగ్గర. నేను పంపేది ఇంతే, దారిలో అడ్డమెక్కువైతే ఇంకా గట్టిగా తోస్తాను, అంటే వోల్టేజి పెంచుతాను అంటుంది."

"మరి దేనికీ తగిలించకపోతే సార్?"

"మనదానికి విశ్రాంతి. అడిగేవాడు లేడు, హాయిగా కూర్చుంటుంది. దాని రెండు వైర్లూ కలిపేశావా, చచ్చింది, ఇవ్వలేనంత ఇవ్వబోతుంది. వాళ్ళదానికి రెండు వైర్లూ కలిపితేనే విశ్రాంతి. విడదీసి వదిలేస్తే, పోవడానికి దారి లేక వోల్టేజి పెంచుకుంటూ పోతుంది. ఎవరో ఒకరికి షాకు."

నా పక్క సీటు పొడుగమ్మాయి వింటోంది. దానికి నోరూరుకోదు. "అయితే సార్, మీ ఇంటావిడ మన బల్లా, వాళ్ళ బల్లా?"

"నేను ఇంటికి క్షేమంగా వెళ్ళాలి తల్లీ, నన్నడక్కు" అని ఆయన గ్లాసు పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచీ భోజనాల దగ్గర మాకు అదే ఆట. మా ఆయన కరెంటు రకమని తేల్చాం. నడక మారదు, పని మారదు, అడ్డం వెళ్తే గొంతు మాత్రం పెరుగుతుంది. మా పాప కూడా అదే. ఏడుపు ఆపాలని చూస్తే పైకప్పు లేస్తుంది. వదిన ఎవరన్నప్పుడు నేను తడుముకోలేదు. "మా వదిన సిసలైన వోల్టేజి రకం. ఎన్ని బల్బులు తగిలించినా సూది కదలదు."

"మరి నువ్వు?" అంది పొడుగమ్మాయి.

నేను పాత బ్యాటరీ రకం. అవి కూడా వస్తుంటాయి మా బల్ల మీదకి. ఏమీ తగిలించకుండా చూస్తే సూది నిండుగా ఉంటుంది. ఒక్క బల్బు తగిలించగానే జారిపోతుంది. పాప నిద్రపోతున్నంతసేపూ నేను చాలా మంచి తల్లిని. లేచి రెండుసార్లు "అమ్మా" అన్నదంటే అరిచేస్తాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పన్నెండు సారు ఇంకో సంగతి కూడా నేర్పాడు. అది మా దగ్గర కట్టుబాటు. సూది చూస్తే పరీక్ష అయిపోయినట్టు కాదు. బల్బులన్నీ వెలుగుతుండగా డబ్బాని కాసేపు అలాగే వదిలి, తర్వాత చేతి వెనక వైపు, వేళ్ళ గణుపులు, దాని వీపుకి ఆనించాలి. అరచెయ్యి కాదు. అరచెయ్యి పెడితే, ఖర్మకాలి షాకుంటే వేళ్ళు దాన్నే పట్టేసుకుంటాయట. వెనక వైపైతే చెయ్యి విడిపోతుంది.

"సూది బాగుంటే బాగున్నట్టే కదా సార్?" అని అడిగాను.

"కాయితం మీదైతే అంతే. గుండ్రంగా గీసి, లోపల ప్లస్సూ మైనస్సూ పెడితే అయిపోయింది. దాన్నుంచి ఎంత లాగినా తరగదు. తరగడానికి అది గీత కదమ్మా, దానికి లోపలంటూ ఏముంటుంది? మన డబ్బాకి లోపలుంది. లాగే కొద్దీ లోపల కాలుతుంది. అయినా బయట పన్నెండు చూపిస్తూనే ఉంటుంది. అందుకే చెయ్యి పెట్టమనేది."

నేను తలూపాను. ప్రతి డబ్బాకీ పెట్టేదాన్ని కూడా. ఆ ఒక్కరోజు తప్ప.

ఆ రోజు పొద్దున నేను బయల్దేరుతుంటే వదిన పాపని ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చింది. ముద్దు పెడదామని చేతుల్లోకి తీసుకున్నాను. గౌను వీపు దగ్గర వెచ్చగా తగిలింది.

"వదినా, పాపకి జ్వరం!"

"జ్వరమేంటే, ఇప్పుడేగా గెంతులేసింది."

చెప్పులిప్పి లోపలికి పరిగెత్తాను. థర్మామీటరు తెచ్చి చంకలో పెట్టాను. ఏమీ లేదు. అది సరిగ్గా చూపించడం లేదేమోనని నా చంకలో పెట్టుకుని చూసి, మళ్ళీ పాపకి పెట్టాను. ఏమీ లేదు. పాపకి కితకితలనిపించి పకపకా నవ్వుతోంది. నుదురు చల్లగా ఉంది, అరికాళ్ళు చల్లగా ఉన్నాయి. అప్పటికి నాకు ఊపిరొచ్చింది. వదిన గుమ్మానికి ఆనుకుని నిలబడి చూస్తోంది.

"అయిందా పరీక్ష? పాసా?"

"ఏమో వదినా, నాకెందుకో భయంగానే ఉంది. ఒక్క క్షణం కూడా దాన్ని వదలకండి. ఇవాళ పెద్ద ఆర్డరుంది, ఓవర్‌టైం ఉండమన్నారు. పర్లేదా?"

"అదెంతలే. బస్సు పోతుంది, వెళ్ళు."

వెళ్ళాను.

పనిలో కూర్చున్నానన్న మాటే గానీ నా బుర్ర అంతా ఆ వెచ్చటి గౌను మీదే. డబ్బా గుచ్చడం, బల్బులు తగిలించడం, సూది చూడటం, పన్నెండు, ట్రేలోకి. మధ్యలో ఫోను చేశాను.

"వదినా, పాప ఒళ్ళు ఎలా ఉంది?"

"చల్లగా ఉంది. నన్ను గుర్రం చేసి ఎక్కి కూర్చుంది. నువ్వు పని చూసుకో."

గొంతు ఎప్పటిలాగే ఉంది. పాప తిందా అని అడిగాను. పడుకుందా అని అడిగాను. వదినని ఏమీ అడగలేదు.

ఫోను పెట్టేసి మళ్ళీ పనిలో పడ్డాను. కాసేపటికి ప్లాస్టిక్కు కాలుతున్న వాసన మొదలైంది. పన్నెండు సారు ముక్కు ఎగబీలుస్తూ నేరుగా నా బల్ల దగ్గరికొచ్చాడు. వరసలో చివరి డబ్బా, ఇంకా బల్బులకి తగిలించే ఉంది. బల్బులన్నీ చక్కగా వెలుగుతున్నాయి. సూది పన్నెండు మీదే ఉంది.

"దీనికి చెయ్యి పెట్టావా?"

"పెట్టాను సార్." నోటికొచ్చేసింది.

"ఇప్పుడు పెట్టు."

పెట్టాను. చురుక్కుమని చెయ్యి లాక్కున్నాను. గణుపులు రెండు ఎర్రబడిపోయాయి. ఆయన ప్లగ్గు పీకేశాడు. కాసేపాగి, మూత ఊడదీసి, లోపల నల్లగా మాడిన చోటు చూపించాడు. ఒక వైరు దగ్గర టంకం సరిగ్గా పట్టలేదు.

"ఇంత వేడి ఒక్కసారిగా రాదమ్మా. నువ్వు తగిలించినప్పటి నుంచీ కాలుతూనే ఉంది. నువ్వు సూదినే చూస్తున్నావు." ఆయన కోప్పడలేదు. నా చేతి మీద పోసుకోమని చల్లటి నీళ్ళు తెప్పించాడు.

ఆ నీళ్ళ కింద చెయ్యి పెట్టినప్పుడు తట్టింది నాకు.

గౌను మీద వెచ్చదనం ఒళ్ళంతా లేదు. వీపు దగ్గరే ఉంది. అరచెయ్యంత మేర. వదిన పాపని పట్టుకున్న చోట.

ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. పన్నెండు సారుకి ఏం చెప్పానో గుర్తులేదు. "వెళ్ళు వెళ్ళు" అన్నాడు, అది గుర్తుంది. బస్సులో నిలబడి, కూర్చున్నవాళ్ళనందరినీ తిట్టుకున్నాను, వాళ్ళేం చేశారని! మా ఆయన అప్పటికి సరుకు బండి మీద ఊరికి ఆ చివర ఉన్నాడు.

తలుపు తోయగానే తెరుచుకుంది. ఎప్పుడూ లోపల గడియ పెట్టుకుని కూర్చునే మనిషి ఆ రోజు పెట్టలేదు. ఎవరొచ్చినా లోపలికి రాగలిగేలా తీసి పెట్టి ఉంచింది.

గదిలో అన్నీ సర్ది ఉన్నాయి. కత్తెర బీరువా పైన ఉంది. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసి ఉంది. సూదుల డబ్బా పైకి చేరింది. పాప నడుముకి మెత్తటి కర్టెన్ పీలిక కట్టి, దాని రెండో కొస మిషను కాలికి ముడేసి ఉంది. పాప చెయ్యి చాస్తే అందేలా బిస్కెట్లు, మూత ఉన్న కప్పులో నీళ్ళు. దాని పక్కనే చల్లటి గచ్చు మీద చెంప ఆనించి, పక్కకి తిరిగి, వదిన. పాప ఆవిడ భుజం మీద చిట్టి చేత్తో తడుతోంది.

"అత్త జోజో" అంది నన్ను చూసి.

వదిన మెడ మీద చెయ్యి పెట్టాను. గణుపులు మళ్ళీ చురుక్కుమన్నాయి.

ఆవిడ కళ్ళు సగం తెరిచింది. "ఏమే, అప్పుడే వచ్చేశావు? ఓవర్‌టైం అన్నావుగా."

"వదినా, ఏమైంది?"

"కాసేపు నడుం వాల్చానంతే. పిల్లని వదల్లేదు, చూడు, కట్టే ఉంచాను."

ఆవిడ మాట నన్ను నిలువునా కోసింది. పక్కింటి కుర్చీల పనాయన తన వ్యాను తీశాడు. పాపని వాళ్ళావిడ ఎత్తుకుంది, ఆయనా నేనూ వదినని చెరో వైపు పట్టుకుని ఎక్కించాం.

ఆస్పత్రిలో డాక్టరమ్మ "ఎప్పట్నుంచి జ్వరం?" అంది.

"ఇవాళేనండీ" అంది వదిన.

ఇవాళ కాదు. ఆవిడ బట్టలు తేవడానికి ఇంటికెళ్ళినప్పుడు, బీరువా పైన కత్తెర పక్కనే బటన్ల డబ్బా కనిపిస్తే, ఎందుకో మూత తీశాను. బటన్ల కింద జ్వరం మాత్రల ఖాళీ అట్టలు. మడిచి మడిచి, కనిపించకుండా కుక్కి ఉన్నాయి. మాత్ర వేసుకుని, చెమట పట్టి, వేడి తగ్గినంతసేపూ ఆవిడ మిషను తొక్కుతూ, పాపని ఊపుతూ, నాకు "అదెంతలే" అంటూ గడిపిందన్నమాట.

మూత్రంలో ఇన్ఫెక్షన్ మొదలై కిడ్నీల దాకా పోయిందని చెప్పింది డాక్టరమ్మ. ఇంకాస్త ఆలస్యమైతే రక్తంలోకి పాకేదట. "ఈవిడ నీళ్ళు తాగరా?" అని నన్నడిగింది.

నేను వదిన వైపు చూశాను. ఆవిడ గోడ వైపు చూసింది.

నాకు అప్పుడర్థమైంది. మా బాత్రూము వరండా చివర ఉంటుంది. వెళ్ళి రావాలంటే పాపని గదిలో ఒంటరిగా వదలాలి. పొద్దున నేను వెళ్ళింది మొదలు, మళ్ళీ వచ్చేదాకా, వదిన నీళ్ళు ముట్టుకునేది కాదు. వెళ్ళాల్సి వచ్చినా బిగబట్టుకునేది. ఎందుకంటే ఒక్క క్షణం కూడా వదలకండి అని నేను చెప్పాను. ఆ ఒక్కరోజు కాదు, రోజూ చెప్పాను. బటను మింగిన పిల్ల గురించి, మెట్ల మీంచి పడ్డ పిల్లాడి గురించి, ఎక్కడెక్కడో విన్నవన్నీ తెచ్చి ఆవిడ చెవిలో పోశాను. నా భయం నా దగ్గరే పెట్టుకుని ఉంటే నేనొక్కదాన్నే వణికేదాన్ని. దాన్ని తీసుకెళ్ళి ఆవిడ నెత్తిన పెట్టి, నేను నిశ్చింతగా బస్సెక్కాను.

సాయంత్రానికి మా ఆయనొచ్చాడు. వాళ్ళక్క మంచం పక్కన నిలబడ్డాడు. తిడతాడని చూశాను, తిడితే బాగుండుననుకున్నాను. తిట్టలేదు. "నాకు కూడా ఎప్పుడూ చెప్పలేదే" అన్నాడు. "చిన్నప్పుడు నాకు పెట్టి తను తినేదో లేదో, ఇప్పటికీ నాకు తెలీదు." గొంతు పెరగని మా ఆయన్ని మొదటిసారి చూశాను.

జ్వరం దిగాక, మేమిద్దరమే ఉన్నప్పుడు, వదిన కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పేశాను. "పొద్దున వేడి తగిలింది వదినా. పాపదేమోననుకున్నాను. పాపకి మళ్ళీ మళ్ళీ థర్మామీటరు పెట్టాను. మిమ్మల్ని ఒక్కసారి ముట్టుకోలేదు. ముట్టుకోకుండా ఓవర్‌టైం కూడా అడిగాను."

"నీ మొహం. తల్లివి, పిల్లనే చూసుకుంటావు గానీ నన్నా?"

"అలా అనకండి."

"మరేమనమంటావే? ఒక పిల్లని చూసుకోవడం అదెంత…"

ఆగిపోయింది. చివరి అక్షరం రాలేదు. కిటికీ వైపు చూస్తూ సెలైను గొట్టాన్ని వేలితో సవరించుకుంది. అప్పుడు అంది: "కొంచెం కష్టంగానే ఉండేదే. మధ్యాహ్నం పూట మరీ."

ఆవిడతో ఉన్న ఇన్నాళ్ళలో సూది కదలడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంగానూ ఉంది, సిగ్గుగానూ ఉంది. ఈ మాట వినడానికి ఆవిణ్ణి ఆస్పత్రి దాకా తీసుకురావాల్సి వచ్చింది.

ఇప్పుడు వదిన ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నాలు మా ఆయన బండి ఇటు తిప్పుకుని వచ్చి పాపని చూస్తున్నాడు, ఆ కాసేపు వదిన పడుకోవాలని ఒప్పందం. పడుకోదు, నాకు తెలుసు. మంచం మీద కూర్చుని దొంగచాటుగా బటన్లు కుడుతుంది. నీళ్ళ సీసా మిషను పక్కన పెట్టి వెళ్తున్నాను. పాప గదిలో ఒంటరిగా కాసేపు ఏడిస్తే ఏడ్చిందని, తప్పకుండా లేచి బాత్రూముకి వెళ్ళమని, ఇదివరకు చెప్పినదానికి సరిగ్గా తిరగేసి చెప్తున్నాను. అలా చెప్తూనే సూదుల డబ్బా పైనుందో లేదో ఓ కన్నేస్తాను. అయినా చెప్తున్నాను.

పొద్దున బయల్దేరే ముందు ఆవిడ మెడ వెనక గణుపులు ఆనిస్తాను. "పొద్దున్నే మొదలుపెట్టావా? నేనేమన్నా మీ డబ్బానా?" అని విసుక్కుంటుంది. విసుక్కోవడం నాకు బాగుంటుంది. చల్లగా ఉంటే చెప్పులేసుకుంటాను. కానీ చెప్పులేసుకుని నేను చేసేది మళ్ళీ అదే కదా. పాపని ఆవిడ చేతుల్లో పెట్టి బస్సెక్కుతాను. బస్సు మలుపు తిరిగేటప్పటికి మొదట్లో చెప్పిన ఆ భయం నా పక్క సీట్లో కూర్చుంటుంది. అది పోకూడదనే అనిపిస్తోంది నాకు. అది లేని రోజుల్లోనే కదా ఇదంతా జరిగింది.

మా వదిన సంగతి నేను చూసుకుంటాను. మిమ్మల్ని అడిగేది ఇంకొకటి. మీరిది చదువుతున్న టైముకి మీ ఇంట్లో ఎవరో ఒకరు పక్క గదిలో బట్టలు మడతపెడుతూనో, పిల్లల్ని పడుకోబెడుతూనో ఉంటారు. ఏమడిగినా ఒకే గొంతుతో సరేననే మనిషి. ఎవరో మీకు ఇప్పటికే తెలిసిపోయింది. లేచి ఒకసారి వాళ్ళ దగ్గరికెళ్ళండి. బాగున్నావా అని అడక్కండి, ఏం చెప్తారో మీకూ తెలుసు. చేతి వెనక వైపు వాళ్ళ మెడకి ఆనించి చూడండి.